కోపెన్‌హాగెన్‌లో బేస్‌మెంట్ ఉన్న పాత ఇల్లు: కుంభవృష్టి భయం ఎంతవరకు నిజం?

కొత్తిల్లు_వాల్బీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. డెన్మార్క్‌లో ఇల్లు కొన్నవాళ్లు కాస్త సలహా చెప్పండి.

కోపెన్‌హాగెన్‌లోని వాల్బీలో 1930ల నాటి ఇటుక ఇల్లు ఒకటి చూశాం. వీగర్స్‌లెవ్ పార్కుకి నడిచి వెళ్లేంత దూరం. పైన రెండు అంతస్తులు, కింద ఇల్లంతా బేస్‌మెంట్. మా ఆవిడకి చాలా నచ్చింది. మేం ఒక ఏడాది ఇండియా వెళ్తే, మరుసటి ఏడాది వేసవికి మా అమ్మానాన్న ఇక్కడికి వస్తారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, పైకి మెట్లెక్కలేరు. అందుకని బేస్‌మెంట్‌లో ఒక గది వాళ్లకి పడకగదిగా చేద్దామని ఆలోచన.

ఇల్లు చూపించిన ఏజెంట్ మాటల్లో మాటగా, "2011 వానకి కింద కొంచెం నీళ్లు వచ్చాయట, ఆ తర్వాత ఏం లేదు" అన్నాడు. అప్పటి నుంచి నాకు టెన్షన్. చూస్తే బేస్‌మెంట్ గోడలకి మోకాలి ఎత్తు వరకు కొత్త రంగు, పైన పాత రంగు. బయట నుంచి బేస్‌మెంట్‌లోకి దిగడానికి అయిదారు మెట్లు, కింద తలుపు, తలుపు ముందు నీళ్లు పోయే చిన్న జాలీ.

ఇక్కడి వాతావరణ సంస్థ డీఎంఐ లెక్క ప్రకారం అరగంటలో 15 మిల్లీమీటర్లు దాటితే కుంభవృష్టి. నేను 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో ఉన్నాను, మా కాలనీలో పడవలు తిరగడం చూశాను. అరగంటలో 15 మిల్లీమీటర్లంటే మన దగ్గర బండి పక్కన ఆపి, టీ తాగి, మళ్లీ బయల్దేరే వాన. దానికి ఈ ఊరు ఎందుకింత భయపడుతుంది? డీఎంఐ హెచ్చరిక ముందే వస్తుంది కదా, అది చూసుకుని జాగ్రత్త పడితే సరిపోదా? సంతకం పెట్టేముందు ఏం చూడాలి?


ఓస్టర్‌బ్రో_బాబాయ్:

బాబూ, ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను. 2011 జులై 2, శనివారం. సాయంత్రం దాకా ఉక్కపోత, ఆ తర్వాత ఆకాశం నల్లగా అయిపోయి ఒకటే పోత. రెండు గంటల్లో ఊరు ఆగిపోయింది. లూంగ్‌బీ వైపు వెళ్లే పెద్ద రోడ్డు మీద కార్లు నీళ్లలో నిలిచిపోయాయి. దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటైన రిగ్స్ హాస్పిటల్‌లో నీళ్లు చేరి రోగుల్ని తరలించాల్సిన పరిస్థితి దాదాపు వచ్చింది. బీమా కంపెనీలు కట్టింది సుమారు 600 కోట్ల క్రోనర్లు.

మాది అపార్ట్‌మెంట్, పై అంతస్తు. అయినా బేస్‌మెంట్‌లో మా వంతు స్టోర్ రూమ్‌లో పెట్టిన సూట్‌కేసులు, పెళ్లి ఆల్బమ్‌లు పోయాయి. అది వాన నీరు కాదు, మురుగు. ఆ వాసన చాలా కాలం వదల్లేదు.

వీలైతే ఒక ఆదివారం మా వైపు రండి, టోసింగె ప్లాడ్స్ చూద్దురు గాని. ఒకప్పుడు అంతా తారు, పార్కింగు. 2014లో తవ్వి, ఏటవాలుగా చేసి మొక్కలు నాటారు. చుట్టూ ఇళ్ల కప్పుల మీద పడ్డ నీరు అక్కడికే చేరి ఇంకుతుంది. ఈ ఊరు ఎంత మారిందో ఆ ఒక్క కూడలి చూస్తే తెలుస్తుంది. ఇంటి విషయం మాత్రం ఇక్కడ కొల్లేటి_కొంగ గారు ఉన్నారు, ఆవిడని అడగండి. ఆవిడ పనే అది.


కొల్లేటి_కొంగ:

బాబాయ్ గారు పిలిచారు కాబట్టి వచ్చాను. ఈ చుట్టుపక్కల మున్సిపాలిటీలకి డ్రైనేజీ లెక్కలు కట్టే ఇంజినీర్‌ని. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మీరు పెట్టబోయే డబ్బు పెద్దది, అందులో పడుకోబోయేది మీ అమ్మానాన్న.

ముందు 15 మిల్లీమీటర్ల సంగతి. మన వాతావరణ శాఖ కుంభవృష్టి అనాలంటే గంటకి 100 మిల్లీమీటర్లు పడాలి. ఇక్కడ అరగంటకి 15 చాలు. కారణం, ఏ ఊరి పైపులు ఆ ఊరి వానకి తగ్గట్టు వేసినవి. డెన్మార్క్‌లో ఏడాది మొత్తం పడేది సగటున 750 మిల్లీమీటర్ల పైచిలుకు, అదీ తుంపర తుంపరగా, నెలనెలా పరుచుకుని. పైగా నేల చదును, నీరు పరుగెత్తి పోవడానికి వాలు లేదు. కోపెన్‌హాగెన్‌లో ఎక్కువ భాగం వాన నీరు, మరుగుదొడ్ల నీరు ఒకే పైపులో పోతాయి. కాబట్టి హైదరాబాద్ అంకెలతో ఈ ఊరిని కొలవకండి. 2011లో ఆ వానకి బొటానికల్ గార్డెన్‌లోని వాన కొలిచే గేజ్‌లో నమోదైంది 135 మిల్లీమీటర్లు. ఇక్కడి లెక్కలో అది రెండు నెలల వాన.

ఈ అంకెలు ఎలా వస్తాయో చెప్తాను. డీఎంఐ 1872లో పుట్టిన సంస్థ, రోజువారీ వాన లెక్కలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కానీ రోజుకి ఎంత పడిందో తెలిస్తే పైపు సైజు తేలదు. ఏ నిమిషంలో ఎంత పడిందో కావాలి. అందుకే 1979లో మురుగునీటి ఇంజినీర్ల కమిటీ పట్టణాల్లో వేరే గేజ్‌లు పెట్టించింది. వాటిని డీఎంఐ నడుపుతుంది. పంపింగ్ స్టేషన్ల ఆవరణలో, కంచె పక్కన మీకు కనిపించే ఉంటాయి. పైన గరాటు, దాని కింద తక్కెడలా అటూ ఇటూ వాలే రెండు బుల్లి గిన్నెలు. ఒక గిన్నెలో 0.2 మిల్లీమీటర్ల వానకి సరిపడా నీళ్లు నిండగానే అది బరువుకి ఒరిగి ఒలికిపోతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది. మామూలు తుంపరలో టిక్కుకీ టిక్కుకీ మధ్య బోలెడు నిమిషాలు గడుస్తాయి, కుంభవృష్టిలో క్షణాల మీద పడుతుంది. ఎండు ఆకు ఒకటి గరాటుకి అడ్డం పడినా లెక్క చెడుతుంది కాబట్టి మనిషి వెళ్లి శుభ్రం చేయాల్సిందే. ఇన్ని దశాబ్దాలుగా పోగైన ఈ టిక్కుల మీదే నేను పైపులకి, చెరువులకి లెక్క కడతాను. నాకు ఈ గేజ్‌లంటే నిజంగా గౌరవం.

ఇక హెచ్చరిక. డీఎంఐ పసుపు, నారింజ, ఎరుపు అని మూడు స్థాయిల్లో ఇస్తుంది. సముద్రం మీంచి వచ్చే తుపాను గాలిని రోజుల ముందే చెప్పగలరు. వేసవి కుంభవృష్టి అలా కాదు. కొన్ని కిలోమీటర్ల మేర మేఘం అప్పటికప్పుడు లేస్తుంది. ఓస్టర్‌బ్రోలో కురిసి వాల్బీలో చినుకు పడకపోవచ్చు. పొద్దున్న కంప్యూటర్ మోడల్ చూసి "ఈ మధ్యాహ్నం ఈ ప్రాంతంలో ప్రమాదం ఉంది" అనగలరు, మీ వీధి పేరు చెప్పలేరు. కోపెన్‌హాగెన్‌కి దక్షిణాన స్టెవ్న్స్‌లో రాడార్ ఉంది, డీఎంఐ యాప్‌లో ఆ బొమ్మ చూడొచ్చు, తప్పక చూడండి. కానీ ఎర్ర మచ్చ మీ నెత్తిన కనబడేసరికి మీకు మిగిలేది చాలా తక్కువ సమయం. సామాను ఎత్తుకోవడానికి పనికొస్తుంది, ఇంటిని కాపాడటానికి కాదు.

ఇప్పుడు అసలు విషయం, చాలామందికి తెలియనిది. 2012లో నగరం కుంభవృష్టి ప్లాన్ చేసింది. సుమారు 300 పనులు, ఇరవై ఏళ్ల కార్యక్రమం. అన్నీ పెద్ద పైపులే వేయాలంటే ఖర్చు తట్టుకోలేరు, అందుకని నీటిని నేల మీదే పార్కుల్లోకి, కొన్ని రోడ్ల మీదుగా హార్బర్‌లోకి మళ్లించాలని నిర్ణయించారు. వెస్టర్‌బ్రోలో ఎంగ్‌హావె పార్కు చుట్టూ తక్కువ ఎత్తు గోడ కట్టి, దారులు ఉన్నచోట వాన పెరిగితే వాటంతటవే లేచే అడ్డుగేట్లు పెట్టారు. ఆ పార్కులో రెండు కోట్ల లీటర్లకి పైగా నీరు ఆగుతుంది. మీ పక్కనున్న వీగర్స్‌లెవ్ పార్కులో పారే హార్రెస్ట్రుప్ వాగు మీద కూడా ఎగువ మున్సిపాలిటీలన్నీ కలిసి పనిచేస్తున్నాయి. ఇదంతా చాలా మంచి పని, నేను మనస్ఫూర్తిగా నమ్మే పని.

అయితే ఆ ప్లాన్ పెట్టుకున్న లక్ష్యం ఏమిటో చూడండి. వందేళ్లకోసారి వచ్చేంత వాన పడ్డా రోడ్ల మీద నీరు 10 సెంటీమీటర్లు దాటకూడదు. మురుగు పైపుల లక్ష్యం, పదేళ్లకోసారి కన్నా ఎక్కువగా నీరు నేల మట్టానికి పొంగకూడదు. రెండు లెక్కలూ నేల మట్టం దగ్గర ఆగిపోతాయి. మీ బేస్‌మెంట్ ఆ మట్టానికి కింద ఉంది! అంటే ప్లాన్ అక్షరాలా అమలై, అన్నీ సరిగ్గా పనిచేసిన రోజున కూడా మీ బేస్‌మెంట్‌లోకి నీళ్లు రావచ్చు. అది తప్పు కాదు, అక్కడి నుంచి బాధ్యత ఇంటి యజమానిది.

కాబట్టి ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు టేపు పట్టుకెళ్లండి. బయటి మెట్లకి పైన గట్టు ఉందా, నేల కన్నా ఎంత ఎత్తు? బేస్‌మెంట్ కిటికీల ముందు గుంతల అంచు ఎంత ఎత్తు? 10 సెంటీమీటర్లకి తక్కువైతే వీధిలో నీరు నేరుగా లోపలికి దిగుతుంది. రెండు వరసల ఇటుక కట్టించి అంచు లేపడం పెద్ద ఖర్చు కాదు. మెట్ల కింద ఉన్న జాలీ ఎక్కడికి పోతుందో అడగండి. అది మెయిన్ మురుగు పైపుకి కలిసి ఉంటే వాన రోజున నీరు అందులోంచి కిందికి పోదు, పైకి ఎగదన్నుతుంది. లోపల నేలలో ఉన్న జాలీ, వాషింగ్ మెషీన్ పైపు, కింద టాయిలెట్ ఉంటే అది, అన్నీ అంతే. మోకాలి ఎత్తు కొత్త రంగు అన్నారు కదా, నాకైతే అది ఈ దారిన వచ్చిన మురుగు గుర్తే అనిపిస్తోంది. బాబాయ్ గారి ఆల్బమ్‌లు పోయింది కూడా ఇలాగే.

దీనికి మందు వెనక్కి రానివ్వని వాల్వ్. ఇక్కడ హోయ్‌వాండ్స్‌లుకె అంటారు. లైసెన్సున్న క్లోఆక్‌మెస్టర్, అంటే మురుగు పైపుల పని చేసేవాళ్లు మాత్రమే పెట్టాలి, మామూలు ప్లంబర్ పెట్టకూడదు. అది మూసుకున్నంత సేపు దానికి కలిసిన మీ ఇంటి నీరు కూడా బయటికి పోదని గుర్తుంచుకోండి. పై అంతస్తుల టాయిలెట్లు కూడా దాని వెనకే ఉంటే, వానలో ఎవరైనా ఫ్లష్ చేస్తే ఆ నీరు మీ బేస్‌మెంట్‌లోనే తేలుతుంది. అందుకే బేస్‌మెంట్ లైన్ వరకే పెట్టించాలి. ఇప్పటికే ఉందంటే ఎప్పుడు సర్వీస్ చేశారో కాగితం అడగండి.

నేల ఎటు వాలుతుందో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఈ దేశం మొత్తాన్నీ విమానం నుంచి లేజర్‌తో కొలిచి, 40 సెంటీమీటర్ల గడులుగా ఎత్తుల మ్యాప్ ఉచితంగా పెట్టారు. దాని మీద కట్టిన కాంప్ అనే మ్యాప్ ఉంది. అందులో అడ్రసు కొడితే వాన నీరు ఏ దారిన వస్తుంది, ఎక్కడ మడుగు కడుతుంది, నేల కింద నీరు ఎంత లోతులో ఉంది, అన్నీ కనిపిస్తాయి. మ్యాప్‌లో నీలంగా చూపే మడుగులో మీ ఇల్లు ఉంటే బేరం మాట మార్చాలి. నేల నీటిని తేలిగ్గా తీసుకోకండి. 2023 ఈ దేశ రికార్డుల్లోనే అత్యధిక వాన పడ్డ ఏడాది, 970 మిల్లీమీటర్ల పైన. కుంభవృష్టి ఏదీ లేకుండానే, చలికాలమంతా నేల నానిపోయి గోడల్లోంచి చెమ్మ ఊరిన ఇళ్లు ఎన్నో చూశాను. దానికి వాల్వ్ ఏమీ చేయలేదు.

చివరగా మీ అమ్మానాన్న. దయచేసి వాళ్లని కింద పడుకోబెట్టకండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి, అర్ధరాత్రి, చీకట్లో నీరు చేరుతుంటే, బయటి మెట్లలో నిండిన నీటి బరువుకి తలుపు కదలకపోతే... నాకు ఆ ఊహే భరించరానిది. పైగా చాలా పాత ఇళ్లలో బేస్‌మెంట్ గదికి నివాస అనుమతి ఉండదు. ఇళ్ల వివరాలుండే ప్రభుత్వ బీబీఆర్ రిజిస్టర్‌లో చూసుకోండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో హాలుని ఒక నెల పడకగది చేయండి, ఏం పోతుంది?


కొత్తిల్లు_వాల్బీ:

చదివి కాసేపు నోట మాట రాలేదండీ. పడకగది ఆలోచన ఇప్పుడే మానేశాం, మా ఆవిడ కూడా చదివింది. కాంప్‌లో చూశాం, ఇల్లు మడుగులో లేదు కానీ వెనక తోటలో సగం నీలంగా ఉంది. ఇంకో మాట: ఇవన్నీ చేయించినా నీళ్లొస్తే బీమా ఇస్తుందా? ముందు ముందు వానలు ఇంకా పెరుగుతాయా, ఇంతటితో ఆగుతాయా?


సోండర్‌బోర్గ్_నుంచి:

బీమా మాట వచ్చింది కాబట్టి నా వంతు. నేనుండేది దక్షిణాన, బాల్టిక్ ఒడ్డున. మా భయం వాన కాదు, సముద్రం. 2023 అక్టోబరు 20, 21 తేదీల్లో తూర్పు గాలి ఆగకుండా నీటిని మా ఒడ్డుకి నెట్టింది. ఇక్కడ, ఓబెన్‌రోలో, అటు ఫాక్సె లాదెప్లాడ్స్ వైపు, మామూలు మట్టం కన్నా రెండు మీటర్ల దాకా లేచింది. అయితే డీఎంఐ దాన్ని ముందుగానే చెప్పింది. ఇసుక బస్తాలు నింపడానికి, కార్లు పైకి తీసుకెళ్లడానికి టైమ్ దొరికింది. మా వీధి చివరి ఇళ్లకి అదీ సరిపోలేదు.

బీమాలో ఈ రెండూ వేరు. కుంభవృష్టి నష్టం మీ ఇంటి బీమా కంపెనీ చూస్తుంది. సముద్రం పొంగితే ప్రభుత్వం తరఫున ఉన్న ప్రకృతి నష్టాల మండలి చూస్తుంది, దానికి అందరి అగ్ని బీమా బిల్లులోంచీ చిన్న మొత్తం పోతుంది. వాల్బీలో మీ ఇంటి దగ్గర మొదటిదే ముఖ్యం. ఒకసారి క్లెయిమ్ చేసిన ఇంటికి కంపెనీ వాల్వ్ పెట్టించమని షరతు పెట్టడం, మీరు భరించాల్సిన మొత్తం పెంచడం మామూలే. కాబట్టి కొనకముందే ఆ అడ్రసుతో కంపెనీకి ఫోన్ చేసి రాతపూర్వకంగా కొటేషన్ అడగండి. బేస్‌మెంట్‌లో పెట్టిన సామానుకి నేల నుంచి ఎత్తులో పెట్టాలని నియమం ఉందేమో కూడా అడగండి.


కొల్లేటి_కొంగ:

సోండర్‌బోర్గ్ వారు చెప్పింది ముమ్మాటికీ నిజం, కొటేషన్ ముందే తీసుకోండి.

వానలు పెరుగుతాయా అంటే, అవును. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. ఆ నీరంతా ఒక్కసారి దిగినప్పుడు వాన మరింత గట్టిగా ఉంటుంది. డీఎంఐ 2019 నుంచి క్లిమాఅట్లాస్ పేరుతో ఒక్కో మున్సిపాలిటీకి అంచనాలు పెడుతోంది. చలికాలంలో మొత్తం వాన పెరగడం, కుంభవృష్టులు తరచు కావడం రెండూ అందులో ఉన్నాయి. మేం కొత్త పైపుకి లెక్క కట్టేటప్పుడు పాత గేజ్ అంకెలని అలాగే వాడం, ముందు ముందు పెరిగే వాన కోసం వాటిని కొంత శాతం పెంచి వాడతాం. మీ ఇంటికీ అదే పద్ధతి పాటించండి. 2011 వానకి నీరెంత వచ్చిందో అమ్మేవాళ్లని అడిగి, మీ గట్లు దానికన్నా ఎత్తుగా కట్టించండి.

వెనక తోట నీలంగా ఉందన్నారు, అది చెడ్డ వార్త కాదు. ఇంటి కన్నా తోట పల్లంగా ఉంటే వాన నీటికి చోటు దొరికినట్టే. కప్పు మీది నీటిని మురుగు పైపు నుంచి తప్పించి తోటలో ఇంకేలా చేయొచ్చు. దానికి నగరం అనుమతి కావాలి. ఇంకుడు గుంత ఇంటి గోడకి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి, లేకపోతే ఆ నీరు మళ్లీ మీ బేస్‌మెంట్ గోడకే వస్తుంది. నేల నీరు పైకి ఉన్నచోట ఇది పనిచేయదు కాబట్టి మ్యాప్‌లో లోతు చూసి, ఆపైన మనిషిని పిలిపించండి.

ఒకవేళ ఎప్పుడైనా మురుగు నీరు వస్తే మీరే చీపురు పట్టుకుని దిగకండి. ముందు కరెంటు మెయిన్ ఆపాలి. రబ్బరు బూట్లు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు, పిల్లల్ని అసలు దింపకూడదు. 2011లో శుభ్రం చేసే పనిలో ఉన్న ఒకాయన ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ సోకి చనిపోయారు. ఇది ఎంత చెప్పినా తక్కువే.

ఇంకొకటి, మనవాళ్లకి మాత్రమే వచ్చే ఇబ్బంది. ఇక్కడ కుంభవృష్టులు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడతాయి. మనం పిల్లల సెలవులు చూసుకుని సరిగ్గా జులైలోనే ఇండియా వెళ్తాం. ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే పక్కింటివాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో, వాల్వ్ ఎక్కడుందో చూపించండి. నేల మీద పెట్టే నీటి అలారం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, ఫోన్‌కి మెసేజ్ వచ్చేది కొనండి. మెట్ల జాలీలో ఆకులు తీసేసి వెళ్లండి.


కొత్తిల్లు_వాల్బీ:

చాలా థాంక్స్ అక్కా, బాబాయ్ గారికీ, సోండర్‌బోర్గ్ వారికీ కూడా. గురువారం మళ్లీ ఇల్లు చూడ్డానికి అడిగాం, టేపు తీసుకెళ్తున్నాను. క్లోఆక్‌మెస్టర్ చేత పైపులో కెమెరా పెట్టించి చూశాకే సంతకం అని ఏజెంట్‌కి చెప్పాను, అమ్మేవాళ్లు ఒప్పుకున్నారు. గట్టు ఎత్తు, జాలీ ఎక్కడికి పోతుందో ఫొటోలతో ఇక్కడే పెడతాను, మీరు చూసి చెప్తే అప్పుడు బేరం మాట్లాడతాం.